క్రియ ముందొచ్చే ఊరు

హోలీహెడ్‌లో వాన అడ్డంగా పడుతుంది.
ఇద్వాల్ ప్రిథెర్ఖ్ పోయిన పదకొండో నాడు
ఆయన చెల్లెలు నెస్టా మా రికార్డుల ఆఫీసుకి ఫోన్ చేసింది:
"బూట్ల డబ్బాలున్నాయి, బూట్లు లేవు. వచ్చి పట్టుకెళ్లండి."

పంతొమ్మిది డబ్బాలు.
ముప్పై నాలుగేళ్లు డబ్లిన్ ఓడకి టిక్కెట్లు చింపిన చేతులు
ఆ చింపిన ముక్కల వెనకే రాసుకున్నాయి.
ఒకవైపు తేదీ, ఇద్దరు పెద్దలు, కారు, కుక్క.
రెండోవైపు ఒక వెల్ష్ మాట, ఎదురుగా ఒక అరబ్బీ మాట,
మధ్యలో పెన్సిలుతో గీసిన పడవ.

ఆయన నమ్మకం ఇదీ:
కెల్టులకంటే ముందు, ఈ దీవిలో రాళ్లు నిలబెట్టిన రోజుల్లో
దక్షిణం నుంచి తీరం పట్టుకుని ఎవరో వచ్చారు.
వాళ్ల కుండలు పగిలిపోయాయి, ఎముకలు ఉప్పులో కరిగాయి,
పేర్లు ఎవరికీ అక్కర్లేకపోయాయి.
ఒక్క అలవాటు మాత్రం ఒడ్డున మిగిలింది,
వాక్యంలో క్రియని ముందు నిలబెట్టడం.
ఇక్కడ "వచ్చాడు ఇద్వాల్ ఇంటికి" అంటారు.
ఇంజను గదిలో పనిచేసే ఏడెన్ మనిషి సాలిహ్
మా అరబ్బీలోనూ అంతే కదా అన్నాడట, ఒక రాత్రి, టీ తాగుతూ.
ఆ రాత్రే మొదటి డబ్బా.

నేను క్రియ కోసం చివరిదాకా ఆగే భాషలో పుట్టినదాన్ని.
మాకు వాక్యమంతా నడిచి వస్తేగాని
వచ్చాడో పోయాడో తెలీదు.
ఇక్కడ తలుపు తీస్తూనే "పోయాడు" అంది నెస్టా.
ఎవరన్నది తర్వాత.

యూనివర్సిటీ ఉత్తరాలు ఆరో డబ్బాలో ఉన్నాయి.
మర్యాదగానే కొట్టిపారేశారు.
నాలుగు మాటలు కలిస్తే చుట్టరికం కాదనీ,
అలా తిరిగే వాక్యాలు లోకంలో చాలాచోట్ల ఉన్నాయనీ,
ఆ పడవకి సాక్ష్యమేదనీ.
ఒకదాని అంచున ఇద్వాల్ రాసుకున్నాడు:
"ఈయన టిక్కెట్టు లేని ప్రయాణికుణ్ణి ఎన్నడూ చూడలేదు."

"దీన్ని మీవాళ్లేమంటారు?" అడిగింది నెస్టా.
కాకతాళీయం, అన్నాను.
కాకి వాలింది, తాటిపండు రాలింది. అంతే.
ఆవిడ కాసేపు కిటికీలోంచి చూసి
"కాకినెవరైనా అడిగారా?" అంది.

ఏడు అనే అంకె చీటీ తీశాను. సైథ్. సబ్అ. మధ్యన పడవ.
మాకు ఏడు అంటే అంకె, చెప్పాను.
ఏడు అంటే సంవత్సరం.
ఏడు అంటే ఏడవమని కూడా.
మూడిటికీ ఏ బంధుత్వమూ లేదు, వినడానికే ఒకటి.
నేను చెప్పింది ఖండించడానికి.
ఆవిడ మూడో అర్థం తీసుకుంది.

చీకటి పడుతుండగా పదమూడో డబ్బా.
"కలిగి ఉండటానికి మాకు వేరే క్రియ లేదు.
డబ్బు నాతో ఉంటుంది. జలుబు నా మీద ఉంటుంది.
సాలిహ్‌కీ అంతేనట."
మాకూ లేదు, అనేశాను, నోరు జారి.
నా దగ్గర ఉంది అంటాం.
నెస్టా కళ్లద్దాలు తీసింది.
"అయితే మీవాళ్లూ ఎక్కారా ఆ పడవ?"
లేదండీ. నేను క్రూలో రైలు మారి వచ్చాను.
ఇద్వాల్ బతికుంటే
నాక్కూడా ఒక టిక్కెట్టు చింపేవాడు.

ఆఫీసు ఫారంలో "విషయం" అని ఒక గడి.
భాషాశాస్త్రం అని రాసి కొట్టేశాను.
చరిత్ర అని రాయడానికి చెయ్యి రాలేదు.
ఓడలు, అని రాశాను.
యజమాని గడి ఖాళీ.
డబ్బాలు ప్రస్తుతానికి
నా దగ్గర
ఉన్నాయి.